బస్తరు పల్లెలో ఇల్లు – ఇరుగు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను తెలుగువారు సాధారణముగా ఖర్చును గూర్చి వాడుదురు. ఈ రెండు పనులలోను చేతిలోని పైకము చూచుచుండగనే కరగిపోవుననుట దాని ప్రసిద్ధార్థము. కాని ఆ రెంటిని ఒక్కచోట చేర్చుటకు మరియొక కారణము కూడ తోచును. పెండ్లివలెనే ఇల్లును ఒంటరిగా కుదురు పని కాదు. గోడ తనదైనను దాని నీడ పొరుగువాని పెరటిలో పడును. చూరు తనదైనను దాని నీరు వీథిలోనికి జారును. పొయ్యి తనదైనను దాని నిప్పురవ్వకు సరిహద్దులు తెలియవు. గృహస్థుని స్వేచ్ఛ ఎచ్చట ముగియును, ఇరుగుపొరుగుల క్షేమము ఎచ్చట మొదలగును అను ప్రశ్న పురపాలక శాసనములతో పుట్టినది కాదు. పల్లె పుట్టిననాడే అదియు పుట్టినది. ఆ ప్రశ్నకు మనుష్యులు చెప్పుకొనిన సమాధానములను, వానిలోని మేలును కీడును, ఒక్క ప్రాంతపు చరిత్రలో వరుసగా చూడదలచిన వారికి బస్తరు సీమ తగిన తావు.

బస్తరు తెలుగువారికి పరాయిది కాదు. గోదావరి, శబరి, ఇంద్రావతి నదులు ఆ సీమను తెలుగునేలతో కలుపుచున్నవి. కాకతీయులకు పూర్వము ఆ ప్రాంతము నేలిన నాగవంశపు రాజుల కాలమున బారసూరులో గంగమహాదేవి అను రాణి వేయించిన శాసనము తెలుగుననే ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఉత్తరమునకు తరలి అచ్చట రాజ్యమును స్థాపించెనని బస్తరు రాజవంశపు ఐతిహ్యము. ఆ వంశము 1948లో సంస్థానము భారతదేశమున విలీనమగువరకు నిలిచెను. కాంకేరు సంస్థానముతో కలిపి ఏర్పరచిన బస్తరు జిల్లా 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణముతో కేరళ రాష్ట్రముకంటెను పెద్దదిగా నుండెను. ఆ జిల్లాయే తరువాత విభజింపబడి నేడు ఏడు జిల్లాల మండలముగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున నున్నది. దాని దక్షిణ భాగమున కోంట, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు నేటికిని వినవచ్చును. అచ్చటి దోర్లలు పలుకు మాటలో తెలుగుపాలు మిక్కుటము. దక్షిణ బస్తరు పల్లెలలో ఊరి పెత్తందారును "పెద్ద" అనియే పిలుచుట మానవశాస్త్రజ్ఞుల గ్రంథములలో కూడ నమోదైనది.

ఆ "పెద్ద" మాటకు ప్రక్కనే మరియొక మాట నిలిచియున్నది. మురియాల పల్లెలలో "గాయత" అనియు, మాడియాలలో "పెర్మ" అనియు పిలువబడు భూమి పూజారి మాట అది. ఊరిని మొదట నెలకొల్పిన వంశమువాడు ఇతడు. నేల ఏ ఒక్కరి సొత్తును కాదనియు, అది భూమాత సొత్తనియు, ఆమెతో మాటలాడి ఆ వంశము అనుమతి పొందినదనియు అచ్చటి విశ్వాసము. కావున క్రొత్తగా వచ్చినవాడు గుడిసె వేసికొనవలెనన్నను, చేను కొట్టుకొనవలెనన్నను ముందుగా గాయత అనుమతిని కోరవలసియుండెను. రుసుము చెల్లించి పట్టా పుచ్చుకొనుట వంటిది కాదు ఈ అనుమతి. భూమికి పూజ జరిగి, ఊరివారితో కలిసి భుజించి, ఊరి పండుగలలో తన వంతు నిచ్చుటకు ఒప్పుకొనిననాడు ఆ ఇల్లు ఊరిలో చేరినట్లు. ఇల్లనగా నాలుగు గోడలు కాదు. ఊరితో కుదుర్చుకొనిన పొత్తు.

అబూజ్‌మాడ్ కొండలలోని మాడియాల పల్లెలను 1927 మొదలు 1931 వరకు బస్తరు పరిపాలకుడుగా నున్న డబ్ల్యూ. వి. గ్రిగ్సన్ పరిశీలించి 1938లో ఒక గ్రంథమును ప్రకటించెను. కొండపోడు సాగుచేయు ఆ జనులు పోడు మారినకొలది ఊరినే మార్చుకొనుచుండిరి. ఇండ్లు తాటియాకుల వలె తేలికైనవి; కలప, వెదురు, గడ్డి తప్ప అందు మరేమియు లేదు. కొన్నేండ్లకు విడిచిపోవు ఇంటిపై యజమానికి ఎంత మమకార ముండినను, అది తన మనుమలకు దక్కు ఆస్తి యను భావము కలుగుటకు వీలులేదు. ఊరు కదలినపుడు అందరును కదలవలసినదే. ఊరందరిది ఒక దారియైన ఉలిపికట్టెది ఒక దారి యన్నచో ఆ ఉలిపికట్టెకు అడవిలో పెద్దపులియే తోడు.

ఇట్టి పల్లెలో గృహస్థునకు స్వేచ్ఛ తక్కువ యని తలచరాదు. ఇంటిలో ఇప్పసారా కాచుకొనుట, పందులను కోళ్లను పెంచుకొనుట, పెరటిని తన ఇచ్చవచ్చినట్లు దడితో చుట్టుకొనుట, ఆడిపాడుట – వీనిని ఎవ్వరును ప్రశ్నింపరు. పశువు దడి దాటినపుడును, నిప్పు చూరెక్కినపుడును, మాట తగవైనపుడును మాత్రమే ఊరు కల్పించుకొనెడిది. గడ్డికప్పుల వరుసలో ఒక యింటి నిప్పు ఊరందరి నిప్పు. ఎండకాలపు గాలికి ఒక్క పొయ్యి చాలును. అందుచేత నిప్పును గూర్చిన జాగ్రత్త ఒకరి మర్యాద కాదు; అందరి ప్రాణము.

ఈ విషయమున అడవి ఆచారమునకును పండితుల ధర్మశాస్త్రమునకును విశేష భేదము కానరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము ఇండ్ల తగవులకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించినది. పొరుగువాని గోడకు ఎంత ఎడముగా కాలువ తీయవలెను, పొయ్యి ఎచ్చట నుండవలెను, కిటికీ ఎట్లు తెరువవలెను అను సంగతులు అందు కలవు. తప్పినవారికి జరిమానాలును కలవు. నగరపాలనను గూర్చిన భాగమున వేసవిలో నిప్పును గూర్చిన కట్టడులును, నిప్పుతో పనిచేయువారు ఒక్కచోట నివసింపవలెనను నియమమును చెప్పబడినవి. యాజ్ఞవల్క్యస్మృతి సీమావివాదమును వ్యవహారములలో ఒకటిగా లెక్కించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయము అను పేర తెనిగించెను. తన సొత్తును ఇతరులకు హాని కలుగనట్లు వాడుకొనవలెనను సూత్రము రోమను న్యాయమునుండి ఇంగ్లీషు న్యాయమునకు సంక్రమించినదని న్యాయవాదులు చెప్పుదురు. గాయత ఆ సూత్రమును ఏ గ్రంథమునను చదువలేదు. అతనికది దడి, నిప్పు, నీరు నేర్పిన పాఠము.

అయితే ఇందొక సూక్ష్మము కలదు. నిప్పు, నీరు, పశువు – వీనివలన కలుగు హాని కంటికి కనబడునది. చేను మేసినదా లేదా, చూరు కాలినదా లేదా అనుటకు సాక్షులు కావలసినందరు దొరకుదురు. కంటికి కనబడని హాని మాట యేమి? ఒకని ఇంటిలో జరుగు పనివలన ఊరికి కీడు మూడుననియు, దేవతలు అలుగుదురనియు, పొరుగువారికి భయము కలుగుననియు అన్నపుడు ఆ భయమును కొలుచుట ఎట్లు? బస్తరు చరిత్రలోని కష్టమంతయు ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది.

ఊరి కట్టుబాటుపై మొదటి దెబ్బ వెలుపలినుండి తగిలెను. 20వ శతాబ్దారంభమున సంస్థానపు అడవులలో అధిక భాగమును రిజర్వు చేయుటకు ప్రయత్నములు సాగినవి. రిజర్వు గీతలో పడిన పల్లెలు ఖాళీ చేయవలెను. లేదా అటవీశాఖకు కూలిచేయు అటవీగ్రామములుగా బ్రతుకవలెను. తరతరములుగా గాయత చెప్పిన మాటపై నిలిచిన ఇల్లు ఒక్క పటముపై గీసిన గీతచేత అక్రమమయ్యెను. వెట్టిచాకిరి, అధికారుల దౌర్జన్యము దీనికి తోడైనవి. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అను పేర తిరుగుబాటు చెలరేగినది. నేతానారు గ్రామమునకు చెందిన గుండాధూర్ దానికి నాయకుడుగా ప్రసిద్ధి కెక్కెను. మామిడికొమ్మలు, మిరపకాయలు, మట్టిబెడ్డలు, బాణములు ఊరినుండి ఊరికి సందేశములుగా సాగినవి. ఆ మూటలో మట్టిబెడ్డ ఉండుట గమనింపదగినది. తిరుగుబాటు అణచివేయబడినను, రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణము ఇంచుమించు సగమునకు తగ్గింపబడెను. ఇంటికి అనుమతి నిచ్చుట ఎవరి హక్కు అను ప్రశ్నకు ఆనాటి జనులు ప్రాణములతో చెప్పిన సమాధానమది.

కాని ఊరి లోపలి శాంతి ఎట్లుండెను? దీనికి సాక్ష్యము మరియొక గ్రంథమున దొరకును. ఆ సీమలో పెక్కేండ్లు పరిశోధన గావించిన వెరియర్ ఎల్విన్ మాడియాల హత్యలను, ఆత్మహత్యలను గూర్చి 1943లో ఒక పుస్తకమును ప్రకటించెను. నూరు హత్యకేసుల కాగితములను ముందుంచుకొని చేసిన పరిశీలన అది. మాడియాలు క్రూరులని చాటుట ఆయన ఉద్దేశము కాదు. ఒక మనుష్యుడు తనవారినే ఏల చంపునో తెలిసికొనుటయే ఆయన ప్రయత్నము. ఆ కాగితములలో దోపిడిదొంగలు అరుదు. చంపినవాడును చచ్చినవాడును తరచుగా ఒక్క ఇంటివారో, ఒక్క ఊరివారో. త్రాగిన మైకము, ఆస్తి తగవు, ఆలుమగల అనుమానము, ఒక తిట్టు – ఇవియే కారణములు. వానిలో మంత్రగత్తె యను అనుమానమును ఒకటి. ఇంటి లోపల కాచుకొను సారా యజమాని స్వేచ్ఛయే. దాని మైకము దడి దాటి వచ్చుట మాత్రము ఇరుగువారి ఆపద. నేటి ఛత్తీస్‌గఢ్ ఎక్సైజు నియమములు కూడ ఆదివాసి కుటుంబములు ఇంటివాడుకకు పరిమితముగా సారా కాచుకొనుటను అనుమతించుచున్నవి. ఇంటివరకు స్వేచ్ఛ, పరిమితి దాటిన నేరము – పాత దడిన్యాయమే క్రొత్త చట్టమున కూడ కనిపించుచున్నది.

మంత్రగత్తె యను అనుమానము మాట వేరు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో అట్టి స్త్రీని "టోనహి" అందురు. ఊరిలో బిడ్డ చనిపోవును, పశువు కూలును, పంట మాడును. కారణము తెలియదు. ఊరి చూపు ఒక యింటివైపు తిరుగును. ఆ ఇల్లు తరచుగా ఒంటరి విధవదో, దిక్కులేని ముసలిదానిదో అగును. ఆమె ఎవరి చేనును మేపలేదు. ఎవరి చూరును కాల్చలేదు. ఐనను "ఊరి క్షేమము" అను మాటతో ఆమె ఇంటిపై రాళ్లు పడును, ఆమెను కొట్టుదురు, వెడలగొట్టుదురు, చంపినవారును కలరు. పొరుగువారి భయము బూటకము కాదు. వారు నిజముగనే భయపడుదురు. భయము నిజమైనంత మాత్రమున హాని నిజము కాదను సంగతి ఆ ఇంటిదానికి తప్ప ఎవ్వరికిని తోచదు. ఇరుగుపొరుగుల శాంతి యను మాట ఎంత చల్లనిదో, కొలత లేనిచో అంత క్రూరమైనది.

ఈ దురాచారమును అరికట్టుటకు బీహారు 1999లోను, ఛత్తీస్‌గఢ్ 2005లోను ప్రత్యేక చట్టములు చేసినవి. టోనహి ప్రతాడన నివారణ చట్టమని పేరొందిన ఛత్తీస్‌గఢ్ చట్టము ప్రకారము ఒకరిని టోనహి యని వేలెత్తి చూపుటయే నేరము. అందుకు మూడేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును. ఆ పేరుతో హింసించినచో ఐదేండ్ల వరకు శిక్ష కలదు. చట్టము ఇచ్చట చేసిన పని సూక్ష్మమైనది. ఊరి విశ్వాసమును అది శిక్షింపలేదు. విశ్వాసము దడి దాటి మరియొకరి గుమ్మమున అడుగిడిన క్షణమున దానిని నిలిపినది. దడి ఇరువైపుల నుండియు దాటరానిదని చెప్పినది.

అదే 2005వ సంవత్సరము మరి రెండు విధముల గూడ జ్ఞాపకముంచుకొనదగినది. ఆ ఏడాది జూలై 18న సుప్రీంకోర్టు ధ్వని కాలుష్యమును గూర్చి తీర్పు చెప్పుచు, మాటలాడు స్వాతంత్ర్యము పేర లౌడ్‌స్పీకరును పొరుగువాని చెవులలో మ్రోగించు హక్కు ఎవ్వరికిని లేదని స్పష్టపరచెను. 2000లో వెలువడిన నియమముల ప్రకారము నివాసప్రాంతమున ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. ఒకని పండుగకును మరియొకని నిద్రకును నడుమ న్యాయము ఒక అంకెను నిలిపినది. అంకె ఉన్నచోట పండుగ చేయువాని మతము, నిద్రించువాని కులము అడుగ నక్కరలేదు.

ఇక మూడవ సంగతి దుఃఖకరమైనది. మావోయిస్టుల హింసను ఎదుర్కొనుట పేర సల్వా జుడుం అను ఉద్యమము 2005 జూన్‌లో దక్షిణ బస్తరులో ఆరంభమైనది. భద్రత అను పేర పల్లెలకు పల్లెలు ఖాళీ చేయించి జనులను రహదారుల ప్రక్క శిబిరములకు చేర్చిరి. ఇరుపక్షముల హింసలోను ఇండ్లు కాలినవి, మనుష్యులు చనిపోయిరి. వేలమంది గోదావరీతీరపు తెలుగు అడవులలోనికి, నాటి ఖమ్మము జిల్లాకును దాని ఇరుగుపొరుగు ప్రాంతములకును తరలివచ్చిరి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆదివాసి యువకులను ఆయుధములతో నియోగించుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. కాని ఖాళీయైన ఊళ్లు తీర్పుతో నిండవు. తెలుగునేలకు వచ్చినవారు అడవిలో క్రొత్త గుడిసెలు వేసికొనిరి. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13 నాటికి ఆక్రమణలోనున్న అటవీభూమికే నివాసహక్కును గుర్తించుచున్నది. ఆ గడువునకు పిదప వచ్చినవారి గుడిసెకు ఇచ్చట కాగితము లేదు. వచ్చిన ఊరిలో గుడిసెయే లేదు. పూర్వమొక గాయత వద్దకు పోయి అడిగినట్లు అడుగుటకు వారికొక ద్వారము కావలెను. శతాబ్దములనాడు ఓరుగల్లునుండి ఆశ్రయము వెదకుచు ఉత్తరమునకు పోయినవారిని తలచుకొను తెలుగువారికి ఈ రాక అర్థముకాని విషయము కాదు.

ఊరి మాటకు మరల చట్టబద్ధమైన విలువ నిచ్చు ప్రయత్నము అంతకు పూర్వమే జరిగినది. 73వ రాజ్యాంగసవరణ పంచాయతీలకు ఇచ్చిన అధికారములను షెడ్యూలు ప్రాంతములకు ఎట్లు అన్వయింపవలెనను విషయమును భూరియా సంఘము పరిశీలించినది. దాని ఫలితముగా 1996 డిసెంబరులో "పెసా" అను పొట్టిపేర ప్రసిద్ధమైన చట్టము వచ్చెను. ఆ కృషిలో ప్రముఖుడైన బి. డి. శర్మ 1960ల చివర బస్తరు కలెక్టరుగా పనిచేసినవాడే. ప్రజల సంప్రదాయములను, ఆచారములను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకొను పద్ధతిని కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదని ఆ చట్టము చెప్పినది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము దానికి నియమములను 2022లో ప్రకటించెను. పటముపై గీతలు గీసి ఊళ్లను లేపివేసిన కాలమునకు ఇది ఆలస్యముగా వచ్చిన ప్రాయశ్చిత్తము. దాని విలువను తక్కువచేయుట న్యాయము కాదు.

కాని గ్రామసభకు అధికారము వచ్చిననాడే పాత ప్రశ్నయు మరల వచ్చినది: గ్రామసభలో ఒంటరియైన ఇంటిమాట ఎవరు వినవలెను? 2022 చివర నారాయణపూర్, కొండగావ్ జిల్లాల పల్లెలలో క్రైస్తవ మతము స్వీకరించిన కొన్ని కుటుంబములు తమ ఇండ్లనుండి వెడలగొట్టబడి నారాయణపూర్ పట్టణపు క్రీడామందిరమున తలదాచుకొనినవి. ఊరి దేవతల కొలువులో, ఉమ్మడి చందాలలో పాలుపంచుకొననివారు ఊరి పొత్తును తెంచుకొనిరని ఊరివారి వాదము. తమ ఇల్లు, తమ పొలము, తమ ప్రార్థన తమవని ఆ కుటుంబముల వాదము. పొత్తే ఇల్లు అను పాత భావమును తలచుకొనినచో మొదటివారి బాధ తెలియును. తలపై కప్పులేని చలికాలపు రాత్రిని తలచుకొనినచో రెండవవారి బాధ తెలియుటకు ఏ శాస్త్రమును అక్కరలేదు.

ఈ వివాదము 2025 జనవరిలో దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు చేరినది. బస్తరు జిల్లా దర్భా ప్రాంతమున ఛింద్‌వాడా అను గ్రామములో క్రైస్తవ బోధకుడొకడు జనవరి 7న మరణించెను. ఊరి శ్మశానమున తమ పెద్దలను పూడ్చిన భాగమున గాని, కానిచో తమ సొంత పొలమున గాని అతనిని ఖననము చేయుటకు అతని కుమారుడు అనుమతి కోరెను. ఊరివారు రెండింటికిని అభ్యంతరము తెలిపిరి. క్రైస్తవులకు కేటాయించిన శ్మశానము 20, 25 కిలోమీటర్ల దూరమున కర్కాపాల్‌లో కలదనియు, ఊరిలో ఖననము శాంతిభంగమునకు దారితీయుననియు ప్రభుత్వము వాదించెను. బిలాస్‌పూర్‌లోని హైకోర్టు కుమారుని కోరికను మన్నింపలేదు. దేహము శవాగారముననే యుండగా వ్యాజ్యము ఢిల్లీకి పోయెను.

జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధముల తీర్పు చెప్పిరి. జస్టిస్ బి. వి. నాగరత్న సొంత పొలమున ఖననమునకు అనుమతింపవలెననియు, ప్రభుత్వము రక్షణ కల్పింపవలెననియు అభిప్రాయపడెను. జస్టిస్ సతీష్ చంద్ర శర్మ మతస్వాతంత్ర్యము కోరినచోట ఖననము చేయు నిరపేక్షమైన హక్కును ఇయ్యదనియు, అందుకై నిర్ణయించిన స్థలముననే జరుగవలెననియు తలచెను. మామూలుగా ఇట్టి భేదము వచ్చినపుడు వ్యాజ్యము పెద్ద ధర్మాసనమునకు పోవును. కాని ఇరువదిదినములుగా శవాగారమున పడియున్న దేహమును తలచి, అట్లు పంపక, రాజ్యాంగపు 142వ అధికరణము క్రింద కర్కాపాల్‌లో ఖననము జరుపవలెనని ఇరువురును కలిసి ఆదేశించిరి. రాష్ట్రమంతట క్రైస్తవులకు ఖననస్థలములను రెండు నెలలలో గుర్తింపవలెనని కూడ చెప్పిరి. దేహమునకు నేల దొరకినది. ప్రశ్నకు సమాధానము దొరకలేదు. ఒక్క ధర్మాసనముననే ఇద్దరు విజ్ఞులు విడిపోయినపుడు, ఊరిలో వందమంది విడిపోవుటలో ఆశ్చర్యమేమి?

అయినను బస్తరు చరిత్ర ఒక దారిని చూపకపోలేదు. మాడియాలు తమ మృతుల జ్ఞాపకముగా రాళ్లను, చెక్కిన కొయ్యస్తంభములను దారుల ప్రక్క నిలుపుట ప్రసిద్ధము. మరణించినవాడు కూడ ఊరిలో ఒక తావు కలవాడే యని ఆ రాళ్లు చెప్పుచున్నవి. చిరకాలపు ఆచారములో ఊరి అనుమతి ఉండినది ఒకరిని వెడలగొట్టుటకు కాదు, చేర్చుకొనుటకు. గాయత వద్దకు పోయినవాడు "నాకు ఇచ్చట తావు కలదా?" అని అడిగెడివాడు. "కలదు, కాని ఇట్లు నడచుకొనుము" అనునది ఊరి సమాధానము. ఆ సమాధానములో రెండు భాగములున్నవి. మొదటిది విడిచి రెండవదానిని మాత్రమే పట్టుకొనినచో అది ఆచారమనిపించుకొనదు. రెండవది విడిచి మొదటిదానిని మాత్రమే కోరుటయు ఊరిలో కాపురమనిపించుకొనదు.

కావున గృహస్థుని స్వేచ్ఛకును ఇరుగుపొరుగుల శాంతికిని తగవు వచ్చినపుడు, కార్యాలయమున కాగితముపై సంతకము చేయు ఉద్యోగి గాని, రచ్చచెట్టు క్రింద కూర్చుండు పెద్ద గాని మొదట విచారింపవలసినది ఒక్కటే: హాని యేది? నీరు చెడుచున్నదా, నిప్పు ప్రాకుచున్నదా, నిద్ర చెడుచున్నదా, చేను పోవుచున్నదా? అట్టిదైనచో ఎంత గొప్ప యజమానియైనను చేయి వెనుకకు తీసికొనవలసినదే; సొంత గోడ యను మాట అచ్చట చెల్లదు. హాని చూపలేక భయమును, అసహ్యమును మాత్రమే చూపగలిగినచో, ఊరంతయు ఒక్కటియై యరచినను ఒంటరి ఇంటి తలుపు తాకరాదు. టోనహి యని నిందింపబడిన ముసలిదానికి చట్టము 2005లో ఇచ్చిన రక్షణ యొక్క సారమిదియే. విశ్వాసము మారిన ఇంటికిని, యుద్ధమునుండి పారివచ్చిన గుడిసెకును అదే కొలత వర్తించుట న్యాయము.

దడి యనునది వెదురుతో అల్లిన పలుచని వస్తువు. పశువును ఆపును గాని మాటను ఆపదు. ఇవతలి పొగ అవతలికి పోవును, అవతలి ఏడుపు ఇవతలికి వినబడును. బస్తరు పల్లెలలో ఇరుగుపొరుగులు తరతరములుగా అట్టి దడి నడుమనే బ్రతికిరి. ఆ దడిని రాతిగోడగా కట్టి నా ఇంట నేనే రాజునని యజమాని తలచినపుడును, ఆ దడిని పెరికివేసి నీ ఇల్లు మాదే యని ఊరు తలచినపుడును కీడు మూడినది. ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు కట్టుట ఒక్కదానినే చెప్పలేదు. కట్టిన పిమ్మట ఇరుగువారితో కాపురము చేసి చూడుమనుట అందు ఇమిడియే యున్నది.